భక్తికి కాపలా కాసే సందేహం

రోమునగరం పునీతులను తయారుచేస్తుందని లోకంలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉన్నది. తిరుసభ, అంటే పోపు నాయకత్వంలోని కతోలిక క్రైస్తవ సమాజం, తన గురించి తాను ఎన్నడూ ఆ మాట చెప్పుకోలేదు. పవిత్రంగా జీవించి మరణించిన మనిషి దేవుని సన్నిధిలో ఉన్నాడని గుర్తించడం, ఆ పేరును పూజాకాలపు పట్టికలో చేర్చుకోవడం, ఆ స్మరణను లోకమంతటా అనుమతించడం మాత్రమే తన పని అని అది చెబుతుంది. అలా గుర్తింపు పొందినవారినే తెలుగు కతోలికులు పునీతులంటారు. ఆరాధన దేవుడొక్కడికే చెల్లుతుందనీ, పునీతులకు చెల్లేది గౌరవ వందనమేననీ, వారిని వేడుకోవడమంటే తమ కోసం దేవుణ్ణి ప్రార్థించమని అడగడమేననీ వేదాంతులు శతాబ్దాలుగా వివరిస్తూ వచ్చారు. అయితే ఈ సంప్రదాయ చరిత్రను వరుసగా చదువుకుంటూ పోతే, వేదాంతుల వివరణల కంటే ఆసక్తికరమైన విషయమొకటి బయటపడుతుంది: పునీతత్వమనే భావనను ఇంతకాలం నిలబెట్టింది జనం భక్తి ఒక్కటే కాదు, ఆ భక్తిని నిలదీసి అడగడానికి తిరుసభ తన ఇంట్లోనే పెట్టుకున్న సందేహం కూడా దానికి సమానమైన పని చేసింది.

మొదట ఉన్నది భక్తి మాత్రమే. విశ్వాసం కోసం ప్రాణం విడిచిన వేదసాక్షుల సమాధుల దగ్గర తొలి శతాబ్దాల క్రైస్తవులు ఏటేటా కూడుకొనేవారు. రెండవ శతాబ్దంలో స్ముర్న పట్టణపు పీఠాధిపతి పోలికార్పును మంటల్లోకి పంపి చంపినప్పుడు, అక్కడి క్రైస్తవులు ఆయన ఎముకలను ఏరి భద్రపరచి, ఆయన చనిపోయిన రోజునే పుట్టినరోజుగా జరుపుకోవాలని నిశ్చయించుకున్నారు. మరణం నిత్యజీవితానికి జననమన్న ఆ భావన నుంచే నేటికీ పునీతుల పండుగలు ఎక్కువగా వారి మరణదినాన జరుగుతున్నాయి. ఆ నిర్ణయానికి ఏ విచారణా అవసరం కాలేదు, ఎందుకంటే సాక్షులందరూ కళ్లారా చూసినవారే. హింసల కాలం ముగిసి, రక్తం చిందకుండానే పవిత్రంగా బతికినవారిని కూడా స్మరించడం మొదలైన తరువాతనే చిక్కు వచ్చింది. ఫ్రాన్సులోని తూర్ నగర పీఠాధిపతి మార్టిన్ అలా గౌరవం పొందిన తొలి తరంలో ప్రముఖుడు. ఆయన 397లో మరణించగా, భౌతికకాయం తమదంటే తమదని తూర్ ప్రజలూ పొయితియే ప్రజలూ వాదులాడుకున్నారనీ, రాత్రి వేళ పొయితియే వారు కునుకు తీస్తుండగా తూర్ వారు దాన్ని కిటికీలోంచి దాటించి పడవలో తీసుకుపోయారనీ ఆరవ శతాబ్దపు చరిత్రకారుడు తూర్ గ్రెగరీ రాశాడు. పునీతుని అవశేషాలు ఉన్న ఊరికి యాత్రికులు వస్తారు, యాత్రికులతోపాటు పేరూ ధనమూ వస్తాయి గనుక, ప్రేమకూ ఆశకూ మధ్య గీత ఎక్కడుందో ఆనాటికే చెప్పడం కష్టమయింది.

అడ్డు అదుపు లేని భక్తి ఎంత దూరం పోగలదో చెప్పడానికి 13వ శతాబ్దపు ఫ్రాన్సులో ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉన్నది. దొమినికన్ మఠవాసీ, మతవిచారణాధికారీ అయిన ఎతియెన్ ద బుర్బో లియోన్ సమీపంలోని పల్లెల్లో పాపసంకీర్తనలు వింటున్నప్పుడు, తమ పిల్లలను పునీత గినెఫోర్ దగ్గరకు తీసుకుపోయామని చాలామంది స్త్రీలు చెప్పారు. ఆ పునీతుడెవరని ఆరా తీస్తే, అది ఒక వేటకుక్క అని తేలింది. ఊయలలోని పసిబిడ్డ మీదికి వచ్చిన పామును ఆ కుక్క చంపిందనీ, దాని మూతికి నెత్తురు చూసి బిడ్డనే చంపిందని భ్రమపడిన యజమాని దాన్ని నరికేశాడనీ, నిజం తెలిశాక పశ్చాత్తాపంతో పాతిపెట్టించాడనీ ఆ ఊళ్ల కథ. ఈ కథలో కుక్కకు బదులు ముంగిసను పెడితే అది పంచతంత్రంలోని బ్రాహ్మణుని భార్య కథ అవుతుందని తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. భారతదేశం నుంచి పడమటికి పోయిన కథల్లో ఇదొకటని జానపద పరిశోధకులు గుర్తించారు. ఎతియెన్ ఆ కుక్క ఎముకలను తవ్వించి తగులబెట్టించాడు, అక్కడి చెట్లను కొట్టించాడు. అయినా 19వ శతాబ్దంలో కూడా ఆ ప్రాంతపు తల్లులు జబ్బుపిల్లలతో ఆ అడవికి పోతూనే ఉన్నారు. ఆ తల్లుల దుఃఖం నిజమైనదే. వారు ఆశ్రయించిన పునీతుడు మాత్రం నిజం కాదు. భక్తిలోని చిత్తశుద్ధి ఒక్కటే దాని సత్యానికి రుజువు కాజాలదన్న పాఠం తిరుసభకు ఇటువంటి అనుభవాల నుంచే అబ్బింది.

భారతీయ కథే మరింత ఘనమైన రూపంలో రోమును కూడా ఒప్పించిన సందర్భం మరొకటి ఉన్నది. మధ్యయుగపు ఐరోపా ఎంతో ఇష్టంగా చదువుకున్న గ్రంథాల్లో బర్లామ్, జోసఫాత్‌ల చరిత్ర ఒకటి. భారతదేశపు రాజొకడు, కుమారుడు సన్యాసి అవుతాడన్న జోస్యానికి భయపడి అతణ్ణి భవనంలోనే పెంచగా, ఆ రాకుమారుడు బయటికి వచ్చినప్పుడు రోగినీ వృద్ధునీ చూసి కలతపడి, బర్లామ్ అనే మునివల్ల క్రైస్తవుడై, చివరకు రాజ్యం విడిచి అడవికి పోతాడు. ఇది అమరావతి శిల్పఫలకాల మీద కృష్ణాతీరపు శిల్పులు చెక్కిన సిద్ధార్థుని మహాభినిష్క్రమణ కథే. అరబ్బీ, జార్జియా భాషల మీదుగా గ్రీకులోకి, లాటినులోకి నడిచి వచ్చేసరికి దాని మూలం మరుగున పడిపోయింది. 16వ శతాబ్దంలో రోము ప్రామాణికంగా భావించే పునీతుల జాబితాలోకి నవంబరు 27వ తేదీ కింద ఆ రెండు పేర్లూ చేరాయి. జోసఫాత్ అన్నది బోధిసత్త్వుని పేరేనని 19వ శతాబ్దపు పండితులు తేల్చిచెప్పారు. ఈ పొరపాటును చూసి నవ్వడం తేలికే గాని, బుద్ధుని త్యాగాన్ని ఆయన పేరు తెలియకుండానే క్రైస్తవలోకం వందలాది ఏళ్లు పునీతత్వంగా గుర్తించిందన్న సంగతిలో ఆ లోకపు సహృదయత కూడా కొంత కనిపిస్తుంది. జాబితాలో తప్పు దొర్లింది. త్యాగం గొప్పదన్న అంచనాలో తప్పు లేదు.

ఈ నేపథ్యంలో రోము క్రమంగా పగ్గాలు చేతికి తీసుకున్నది. పోపు స్వయంగా పునీతునిగా ప్రకటించినట్లు ఆధారం దొరికే మొదటి వ్యక్తి జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పీఠాధిపతి ఉల్రిక్. ఆ సంవత్సరం 993. తాగిన మైకంలో చంపబడిన ఒక వ్యక్తిని స్వీడన్ ప్రజలు పునీతుడని కొలుస్తున్నారని తెలిసి, 12వ శతాబ్దంలో మూడవ అలెగ్జాండర్ పోపు అక్కడి రాజుకు మందలింపు లేఖ రాశాడు. రోము అనుమతి లేకుండా ఎవరినీ పునీతుడని పూజించరాదన్న ఆ లేఖలోని మాట, తొమ్మిదవ గ్రెగరీ పోపు 1234లో వెలువరించిన ధర్మశాసన సంపుటిలో చేరి చట్టమయింది. పగ్గాలు రోము చేతికి వచ్చినంత మాత్రాన ఆలస్యం తప్పనిసరి కాలేదు: పదువా అంతోని 1231 జూన్ 13న మరణిస్తే ఏడాది నిండకముందే పునీతుడయ్యాడు. విచారణ ఒక కార్యాలయంగా స్థిరపడింది 1588లో, అయిదవ సిక్స్తుస్ పోపు అందుకోసం ప్రత్యేక శాఖను నెలకొల్పినప్పుడు. అటుతరువాత ఎనిమిదవ అర్బన్ పోపు 1625లోనూ 1634లోనూ ఇచ్చిన ఆజ్ఞల వల్ల ఒక విచిత్రమైన నియమం ఏర్పడింది. తీర్పు రాకముందే ఒక వ్యక్తికి పునీతునితో సమానంగా బహిరంగ పూజలు జరిగితే, అది ఆ వ్యక్తి వ్యాజ్యానికే అడ్డంకి అవుతుంది. కాని జనంలో పవిత్రుడన్న పేరు లేకపోతే అసలు వ్యాజ్యమే మొదలుకాదు. జనం ప్రేమించాలి, అయితే ఆ ప్రేమ తీర్పును మించిపోకూడదు. ప్రేమకూ నిగ్రహానికీ ఇంత సున్నితమైన తూకం పెట్టిన చట్టం మరొకటి దొరకడం కష్టం.

ఆ న్యాయస్థానంలో అందరికంటె ప్రసిద్ధుడైన అధికారి విశ్వాస సంరక్షకుడు. ఆ పదవి గౌరవనామం అదే గాని, జనం నోట అతడు సైతాను వకీలయ్యాడు. అభ్యర్థి జీవితంలోని లోపాలను వెతకడం, సాక్షుల మాటల్లోని పొంతనలేనితనాన్ని ఎత్తిచూపడం, అద్భుతమని చెప్పినదానికి సహజ కారణం ఉండవచ్చునని వాదించడం అతని విధి. ఈ పదవిలో 1708 నుంచి సుమారు 20 ఏళ్లు పనిచేసిన ప్రోస్పెరో లాంబెర్తీని, ఆ అనుభవమంతా కూర్చి పునీతత్వ విచారణ మీద బృహద్గ్రంథం రాసి, 1740లో పధ్నాలుగవ బెనెడిక్టు పేరుతో తానే పోపు అయ్యాడు. వ్యాధి నయమైనంత మాత్రాన అది అద్భుతం కాదనీ, అది తీవ్రమైన రోగమై ఉండాలనీ, మందులవల్ల కుదిరినది కాకూడదనీ, స్వస్థత తక్షణమే, సంపూర్ణంగా, శాశ్వతంగా కలగాలనీ ఆయన క్రోడీకరించిన ప్రమాణాలు నేటికీ పునాదిగా ఉన్నాయి. ఇప్పుడు రోములో ఆ పని చేసే వైద్యమండలి కూడా అద్భుతం జరిగిందని ఎన్నడూ చెప్పదు. వైద్యశాస్త్రానికి అందని స్వస్థత అని మాత్రమే చెప్పగలదు, ఆపైన ఆ స్వస్థతకూ ప్రార్థనకూ గల సంబంధాన్ని వేదాంతులు నిర్ణయిస్తారు. 2016 నియమాల ప్రకారం ఏడుగురు వైద్యుల్లో కనీసం అయిదుగురు అంగీకరించాలి, ఒకే సంఘటనను మూడుసార్లకు మించి పరిశీలనకు పెట్టకూడదు. నమ్మే సంస్థ తన నమ్మకానికి ఇంత కట్టుదిట్టమైన అవరోధాలు తానే నిర్మించుకోవడం, విశ్వాసం లేనివారు కూడా ఆలోచించదగిన విశేషం.

న్యాయస్థానం వెలుపల ఈ సందేహాన్నే చరిత్ర పరిశోధనగా మార్చినవారు బొలాందిస్టులనే యేసుసభ పండితులు. పునీతుల చరిత్రలను ప్రాచీన ప్రతుల ఆధారంగా, కల్పనను వేరుచేసి ప్రచురించాలన్న ఆలోచన 17వ శతాబ్దపు ఆరంభంలో హెరిబెర్ట్ రోస్‌వైదుకు కలిగితే, దాన్ని ఆచరణలో పెట్టినవాడు యాన్ బొలాండ్. క్యాలెండరు క్రమంలో సాగే ఆ మహాసంకలనంలో జనవరి మాసపు సంపుటాలు 1643లో ఆంట్వెర్ప్ నగరంలో వెలువడ్డాయి. అతని శిష్యుడు దానియేల్ పాపెబ్రోక్, కార్మెల్ మఠాన్ని ఏలీయా ప్రవక్తే స్థాపించాడన్న ఆ మఠవాసుల నమ్మకానికి ఆధారం లేదని రాయగా, 1695లో స్పెయిన్ మతవిచారణ సంస్థ ఆ సంపుటాలను నిషేధించింది. నిషేధం తొలగింది 1715లో, పాపెబ్రోక్ కన్నుమూసిన మరుసటి ఏట. భక్తికి సేవ చేయదలచి సందేహించినవాడు భక్తుల చేతిలోనే దెబ్బతినడం ఈ చరిత్రలో అరుదు కాదు. ఆ శాస్త్రీయ దృష్టి ఫలితమే 1969లో జరిగిన క్యాలెండరు సంస్కరణ. చారిత్రక ఆధారాలు స్వల్పంగా ఉన్న పునీత క్రిస్తోఫర్ పండుగను రోము సార్వత్రిక పట్టిక నుంచి తీసివేసింది. స్థానికంగా జరుపుకోవడానికి అభ్యంతరం చెప్పలేదు. ప్రయాణికుల రక్షకుడిగా ఆయన బొమ్మను వాహనాల్లో పెట్టుకొనే అలవాటు ఐరోపాలోనూ అమెరికాలోనూ నేటికీ పోలేదు.

ఇంతటి విచారణ కూడా పొరపాటుకు అతీతం కాదని ఒప్పుకోవడం న్యాయం. జోన్ ఆఫ్ ఆర్క్‌ను 1431 మే 30న రువాన్‌లో సజీవదహనానికి పంపినది క్రైస్తవ ధర్మాసనమే. 1456లో ఆ తీర్పును కొట్టివేసినదీ మరొక క్రైస్తవ ధర్మాసనమే. ఆమెకు పునీత గౌరవం దక్కేసరికి 1920 వచ్చింది. కొన్నిసార్లు చట్టపు గీతలు జీవితానికి సరిపోవు. ఆష్విట్జ్ నిర్బంధ శిబిరంలో ఒక కుటుంబీకుని బదులు తాను చావుకు సిద్ధపడి 1941 ఆగస్టు 14న మరణించిన మాక్సిమిలియన్ కొల్బే, విశ్వాసద్వేషం వల్ల చంపబడినవాడే వేదసాక్షి అన్న నిర్వచనంలోకి పూర్తిగా ఇమడలేదు. 1971లో ఆయనను వేదసాక్షిగా కాక మామూలు ధన్యజీవిగా, అంటే పునీతత్వానికి ముందరి మెట్టుపై నిలిచిన వ్యక్తిగా ప్రకటించారు. 1982లో రెండవ జాన్‌పాల్ పోపు ఆయనను వేదసాక్షిగానే పునీతుణ్ణి చేశాడు. ఇతరుల కోసం స్వచ్ఛందంగా ప్రాణం అర్పించడాన్ని 2017లో ఫ్రాన్సిస్ పోపు ఒక ప్రత్యేక మార్గంగా గుర్తించడంతో చట్టం చివరకు జీవితాన్ని అందుకున్నది.

రెండవ జాన్‌పాల్ పోపు 1983లో చేసిన సంస్కరణ ఈ కథలో పెద్ద మలుపు. అంతవరకూ వాదప్రతివాదాలతో నడిచిన విచారణ, చరిత్ర పరిశోధన పద్ధతికి మారింది. సైతాను వకీలు పదవి పేరు మిగిలినా ప్రతివాదిగా అతని బలం తగ్గింది. కావలసిన అద్భుతాల సంఖ్య కూడా తగ్గి, ధన్యతకు ఒకటి, పునీతత్వానికి మరొకటి చాలునన్నారు. ఆయన ఒక్కడే 482 మందిని పునీతులుగా ప్రకటించాడు. అంతకు ముందు దాదాపు నాలుగు శతాబ్దాల పోపులందరూ కలిసి ప్రకటించినవారి కంటే ఇది ఎక్కువ. ఈ అంకెను చూపి పునీతత్వం చవకబారిందని విమర్శించేవారు, అందులో 1984లో ప్రకటితులైన కొరియా వేదసాక్షులు 103 మంది, 1988 నాటి వియత్నాం వేదసాక్షులు 117 మంది, 2000 నాటి చైనా వేదసాక్షులు 120 మంది ఉన్నారని గమనించరు. ఐరోపా మఠాల గోడలు దాటి ఆసియా పల్లెల రైతులకూ గృహస్థులకూ పట్టికలో చోటు దొరికిందంటే అది లోపం కాదు, ఆలస్యంగా జరిగిన న్యాయం. అసలు ప్రశ్న సంఖ్య గురించి కాదు, ప్రశ్నించేవాడి గురించి. మదర్ తెరెసా ధన్యజీవిగా ప్రకటితం కాకముందు, ఆమెను తీవ్రంగా విమర్శించిన నాస్తిక రచయిత క్రిస్టఫర్ హిచిన్స్‌ను పిలిపించి తిరుసభ అతని సాక్ష్యం నమోదు చేసుకున్నది. అదే విచారణ కోసం సేకరించిన ఉత్తరాల్లోనే, దశాబ్దాల పాటు దేవుని సాన్నిధ్యం తెలియని చీకటిలో ఆమె నడిచిందన్న సంగతి బయటపడి, 2007లో పుస్తకరూపం దాల్చింది. ఆ ఉత్తరాలు దాచిపెట్టి ఉంటే ఆమె విగ్రహం మరింత నున్నగా ఉండేదేమో గాని, చీకటిలోనూ సేవ మానని మనిషిగా ఆమె లోకానికి తెలిసేది కాదు. 2016లో పునీతురాలైన ఆమె మీద విమర్శలు ఆగలేదు. విచారణ మాత్రం ఆమె వ్యక్తిత్వాన్ని తగ్గించలేదు, లోతుగా చూపింది.

భారతదేశంలో భక్తి, సందేహం అనే ఈ రెండు శక్తుల నడక స్పష్టంగా కనిపిస్తుంది. తిరువాన్కూరు రాజాస్థానంలో ఉద్యోగి అయిన నీలకంఠ పిళ్లై క్రైస్తవం స్వీకరించి దేవసహాయంగా మారి, 1752లో కాట్టాడిమలై మీద కాల్చి చంపబడ్డాడు. కన్యాకుమారి ప్రాంతపు ప్రజలు ఆయన జ్ఞాపకాన్ని తరతరాలుగా మోసుకువస్తే, రోము తీర్పు 2022 మే 15న వెలువడింది. భారతీయ గృహస్థుల్లో పునీత గౌరవం పొందిన మొదటివాడు ఆయనే. తెలుగునేల మీద పునీతుల ఉనికి ముందుగా పేర్లలో తెలుస్తుంది: కతోలిక కుటుంబాల్లోని శౌరి ఫ్రాన్సిస్ శౌరివారిని, ఇన్నయ్య లొయోలా ఇగ్నేషియస్‌ను, రాయప్ప పేతురును, చిన్నప్ప పౌలును, జోజి యోసేపును తలపిస్తాయి. తెలుగువారి మధ్య జీవించి 1945లో కృష్ణా జిల్లా పెదావుటపల్లిలో మరణించిన జోసెఫ్ తంబి సమాధి దగ్గరకు ఏటా జనవరిలో జనం తరలివస్తారు. తిరుసభ లెక్కలో ఆయన ఇంకా దైవసేవకుడు, అంటే విచారణ మొదలైన తొలి మెట్టుపై ఉన్నవాడు. సమాధి దగ్గర ఎవరి మొక్కు వారు చెప్పుకోవచ్చు. పునీతునికి జరిపే బహిరంగ పూజ మాత్రం తీర్పు వచ్చేదాకా ఆగవలసిందే. వచ్చే భక్తులకు ఆ తేడా పెద్దగా పట్టకపోవచ్చు గాని, రెండువైపులా దాన్ని పాటించినంత కాలం భక్తికి గౌరవం, విచారణకు విలువ ఉంటాయి.

జనం మరచిపోయినవారిని ఏ ధర్మాసనమూ పునీతులుగా నిలబెట్టలేదు. జనం తలచుకొనే ప్రతివారినీ పునీతులని ఒప్పుకుంటే గినెఫోర్‌కూ అంతోనికీ భేదం మిగలదు. కాబట్టి మహనీయుల జ్ఞాపకాన్ని కాపాడదలచిన ఏ సమాజమైనా, అది మతసంస్థ అయినా కాకపోయినా, పొగిడేవారితోపాటు ప్రశ్నించేవారికి కూడా తన సభలో శాశ్వతమైన పీట వేయాలి. 1983లో బలహీనపడిన సైతాను వకీలు పదవికి పూర్వపు పట్టును తిరిగి ఇస్తే తిరుసభకు పునీతులు తక్కువ కావచ్చునేమో గాని, ఉన్నవారి మీద లోకానికి నమ్మకం పెరుగుతుంది.